కోరంగి రేవు అవతల రెండు దీవులు

ఈసారి బడి పత్రికకి చరిత్ర వ్యాసం రాయమని మాస్టారు అన్నప్పుడు నేను యానాం గురించే రాద్దామనుకున్నాను. కాని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అదే రాస్తారు. 1723లో ఫ్రెంచివాళ్ళు వచ్చారు, 1954 జూన్ 13న వాళ్ళ పాలన పోయింది, ఇది మా క్లాసులో అందరికీ నోటికొచ్చు. "వచ్చినవాళ్ళ గురించి రాస్తూనే ఉన్నారు. ఇక్కణ్ణుంచి వెళ్ళినవాళ్ళ గురించి ఎవరూ రాయరేం?" అన్నారు మాస్టారు. ఆ మాట పట్టుకుని రెండు నెలలు తిరిగాను. మా లైబ్రరీలో ఉన్న పుస్తకాలు, మాస్టారు తెచ్చి ఇచ్చిన కాగితాలు, మా వీధి చివర ఫ్రెంచి పింఛను తీసుకునే తాతగారు, వీటన్నిటి వల్లా తెలిసింది ఇక్కడ రాస్తున్నాను.

1828లో యానాం నుంచి లా తుర్క్వాజ్ అనే ఓడ బయల్దేరింది. అందులో పదిహేనుమంది తెలుగు కూలీలు ఉన్నారు. వాళ్ళు దిగిన చోటు బూర్బోన్ దీవి. ఇప్పుడు దాని పేరు రెయూనియన్. మ్యాపులో మడగాస్కర్‌కి తూర్పుగా చూస్తే రెండు చుక్కలు పక్కపక్కనే కనబడతాయి. ఒకటి రెయూనియన్, రెండోది మనందరికీ తెలిసిన మారిషస్. రెండింటి మధ్యా దూరం సుమారు 200 కిలోమీటర్లు. అంటే మనకి యానాం నుంచి విశాఖపట్నం వెళ్ళినంత.

మా మామ్మని అడిగితే ఆవిడకి తెలిసిందల్లా రంగం. "మా అమ్మమ్మ వాళ్ళ వైపు ఇద్దరు రంగం వెళ్ళారే. ఒకడు తిరిగొచ్చాడు, ఒకడు రాలేదు" అంది. రంగం అంటే రంగూన్, బర్మా. గోదావరి జిల్లాల్లో చాలా ఇళ్ళల్లో రంగం కథ ఒకటి ఉంటుంది. దీవుల కథ మాత్రం ఎవరి ఇంట్లోనూ లేదు. రంగం వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగొచ్చి కథ చెప్పారు. దీవులకి వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. కథ కూడా వాళ్ళతోనే అక్కడ ఉండిపోయిందన్నమాట.

ఈ రెండు దీవుల గురించి నన్ను ముందుగా ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. వీటికి సొంత జనం లేరు. ఇంగ్లీషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు వేరే దేశాలకి వెళ్ళినప్పుడు అక్కడ అప్పటికే జనం ఉన్నారు, రాజులు ఉన్నారు. ఇక్కడ అడవి, పక్షులు, తాబేళ్ళు తప్ప స్థిరంగా ఉండే మనుషులు లేరు. 1598లో డచ్చివాళ్ళు మారిషస్‌లో దిగి తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. డోడో పక్షి అంతరించిపోవడం వాళ్ళ కాలంలోనే జరిగింది. 1710లో వదిలేసి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్ళు తీసుకుని ఫ్రాన్స్ దీవి అన్నారు. రెయూనియన్‌లో వాళ్ళు 1660ల నుంచే స్థిరపడ్డారు. కాబట్టి ఈ దీవుల్లో ఇప్పుడున్న ప్రతి ఒక్కరూ, తెల్లవాళ్ళతో సహా, ఎక్కణ్ణుంచో ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలే. అందరూ వచ్చినవాళ్ళే గదా, మరి అందరూ సమానమే కావాలి. అలా జరగలేదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్ళు కొందరు, సంకెళ్ళతో వచ్చినవాళ్ళు కొందరు, వేలిముద్ర వేసి వచ్చినవాళ్ళు కొందరు.

సంకెళ్ళతో వచ్చినవాళ్ళు మడగాస్కర్, మొజాంబిక్ ప్రాంతాల వాళ్ళు ఎక్కువ. మన దేశం నుంచి కూడా బానిసలుగా పట్టుకుపోయినవాళ్ళు ఉన్నారు. అదే కాలంలో లా బూర్దోనే అనే గవర్నరు 1735లో రెండు దీవులకీ వచ్చి, పుదుచ్చేరి నుంచి పనితనం తెలిసిన మేస్త్రీలని, వడ్రంగులని తెప్పించాడు. పోర్ట్ లూయీ ఊరు కట్టడంలో వాళ్ళ చెయ్యి ఉంది. (1746లో మద్రాసుని ఇంగ్లీషువాళ్ళ దగ్గర్నుంచి పట్టుకున్నది కూడా ఈయనే. మద్రాసు పాఠంలో ఒకలా, మారిషస్ పాఠంలో ఒకలా కనిపిస్తాడు.)

1810లో ఇంగ్లీషువాళ్ళు రెండు దీవులనీ గెలుచుకున్నారు. 1814 పారిస్ ఒప్పందంలో మారిషస్‌ని ఉంచుకుని, రెయూనియన్‌ని ఫ్రాన్సుకి తిరిగిచ్చేశారు. అదే ఒప్పందంలో మన యానాం, పుదుచ్చేరి కూడా ఫ్రాన్సుకి తిరిగి వెళ్ళాయి. ఇది చదివినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. ఎక్కడో పారిస్‌లో ఒక కాగితం మీద సంతకం పెడితే, మేమూ ఆ దీవీ ఒకే జెండా కిందకి వచ్చాం. అందుకే పద్నాలుగేళ్ళ తరవాత ఆ ఓడ యానాం నుంచి బయల్దేరగలిగింది.

కూలీలు ఎందుకు కావలసి వచ్చారు అంటే, చెరకు. రెయూనియన్‌లో మొదట కాఫీ తోటలు ఉండేవి. 1806, 1807ల్లో వరసగా వచ్చిన గాలివానలకి అవి నాశనమైపోయాయి. తోటల యజమానులు చెరకు వేశారు. చెరకుకి చేతులు చాలా కావాలి. అప్పటికే బానిసల వ్యాపారం మీద నిషేధం వచ్చింది, దొంగచాటుగా సాగుతున్నా కష్టమైపోయింది. అప్పుడు వాళ్ళ కళ్ళు గోదావరి మీద పడ్డాయి. లా తుర్క్వాజ్ తరవాత రెండు మూడేళ్ళలో దాదాపు మూడు వేలమంది వెళ్ళారు. వాళ్ళని అక్కడ తెలింగాలు అన్నారు. కాగితం మీద కూలీలు, పొలంలో మాత్రం బానిసల పక్కన బానిసల్లాగే చూశారు. గొడవలయ్యాయి, చాలామంది ఇంటికి పంపించమన్నారు. కొన్నేళ్ళకి ఆ ప్రయత్నం ఆగిపోయింది. తిరిగొచ్చినవాళ్ళు యానాం రేవులో దిగినప్పుడు ఏం చెప్పుకున్నారో రాసినవాళ్ళు లేరు.

తరవాత మారిషస్ వంతు వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు అక్కడ 1835 ఫిబ్రవరి 1న బానిసత్వాన్ని రద్దు చేశారు. దానికి మూడు నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది కూలీలతో పోర్ట్ లూయీ చేరింది. ఆ రోజు మొదలుకుని 20వ శతాబ్దం మొదట్లో అది ఆగేదాకా నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులు ఆ రేవులో దిగారు. బీహారు వాళ్ళు ఎక్కువ, తరవాత తమిళులు, తెలుగువాళ్ళు, మరాఠీలు. తెలుగువాళ్ళని అక్కడ కోరంగీలు అనేవాళ్ళు. కోరంగి అంటే మాకు పక్క ఊరే! ఇప్పుడు అక్కడికి మడ అడవి చూడటానికి, పడవ షికారుకి వెళతాం. 1839 తుఫానులో ఆ రేవు దెబ్బతిన్నది, తరవాత పూడిక వచ్చి పోయింది. రేవు పోయినా దాని పేరు సముద్రం అవతల ఒక జనానికి పేరుగా మిగిలింది. గంజాం, విశాఖపట్నం ప్రాంతాల వాళ్ళు కూడా ఆ పేరు కిందకే వచ్చారు. కాబట్టి బరంపురంలో ఈ పత్రిక చదివే స్నేహితులారా, మీ తాతల పక్కింటివాళ్ళు కూడా ఆ ఓడల్లో ఉండి ఉండొచ్చు.

ఒప్పందం అయిదేళ్ళు. మగవాళ్ళకి నెలకి అయిదు రూపాయలు, తిండి బియ్యం. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారు. ఇది లెక్క కట్టి చూశాను. నెలలో అయిదు రోజులు జ్వరమొచ్చి పడుకుంటే పది రోజుల కూలీ పోతుంది. 1867 చట్టం వచ్చాక పాత కూలీలు ఫొటో అతికించిన టిక్కెట్టు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే పోలీసులు పట్టుకుపోతారు. ఆ ఫొటోలు, రిజిస్టర్లు మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. వెంటాడటానికి తీసిన ఫొటోల్లోనే ఇప్పుడు మనవళ్ళు తమ ముత్తాత ముఖం వెతుక్కుంటున్నారు. కూలీలు దిగిన ఆ చోటు ఆప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. బానిసలు పారిపోయి దాక్కున్న ల మోర్న్ కొండ 2008లో చేరింది. రెండూ ఒకే చిన్న దీవిలో ఉన్నాయి.

ఇక కలగలుపు సంగతి. మా పాఠ్యపుస్తకంలో ఇలాంటి చోట్ల "మిశ్రమ సంస్కృతి" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది చదివితే అందరూ ఇష్టపడి, తలో వస్తువూ తెచ్చి, వనభోజనాల్లాగా కలిసి వండుకున్నట్టు ఉంటుంది. అసలు ఏం జరిగిందో భాషలో బాగా తెలుస్తుంది. తోటల్లో మడగాస్కర్ మనిషి మాట మొజాంబిక్ మనిషికి తెలీదు, ఇద్దరి మాటా యజమానికి తెలీదు. అందరి చెవులకీ వినబడేది యజమాని అరిచే ఫ్రెంచి. వ్యాకరణం ఎవరూ నేర్పలేదు. విన్న ముక్కలతో వాళ్ళే ఒక భాష కట్టుకున్నారు. అదే క్రియోల్. రెండు దీవుల్లోనూ రెండు రకాలుగా ఉంటుంది.

ఇక్కడ మా వీధి తాతగారు పనికొచ్చారు. ఆయన చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదువుకున్నారు. మారిషస్ క్రియోల్‌లో నీళ్ళని "డిలో" అంటారని చెప్పగానే నవ్వారు. "ఫ్రెంచిలో నీరు 'ఓ' అమ్మాయ్. కొంచెం నీళ్ళు అనడానికి 'ద లో' అంటారు. పాపం, విన్నవాడికి ఎక్కడ మాట మొదలైందో ఎక్కడ ఆగిందో ఎవడు చెబుతాడు? మొత్తం కలిపి నీళ్ళు అనుకున్నాడు." అలాగే బియ్యం "దిరి", ఫ్రెంచిలో "ద్యు రి". పక్షి "జ్వాజో", దాని మొదట్లో ఉన్న "జ్" నిజానికి బహువచనంలో ముందు మాట చివర వినబడే అక్షరం. ఫోనులో ఒక సెగా పాట వినిపిస్తే, ఆయన కళ్ళు మూసుకుని సగం పోల్చుకుని, "ఇది ఫ్రెంచే, కాని చెప్పుల్లేకుండా నడుస్తోంది" అన్నారు. నేను దాన్ని తక్కువ చేసి అన్నారేమో అనుకున్నాను. "కాదు, వేగంగా నడుస్తోంది" అన్నారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? అలమార, ఇస్త్రీ, మేస్త్రీ, ఇవన్నీ పోర్చుగీసు ఓడలు దింపిపోయిన మాటలే.

పాటల సంగతి కూడా ఇంతే. మారిషస్ సెగాలో వాయించే రవాన్ మేకతోలుతో చేస్తారు, వాయించే ముందు మంట దగ్గర కాచి బిగువు చేస్తారు. మన డప్పు కాచినట్టే. రెయూనియన్‌లో పాట మలోయా. దాని వాయిద్యం కయంబ్‌ని చెరకు పూల కాడలతో చేసి లోపల గింజలు పోస్తారు. ఏ చెరకు కోయడానికి వాళ్ళని తెచ్చారో ఆ చెరకుతోనే వాయిద్యం. కాని ఈ పాటని కూడా హాయిగా పాడనివ్వలేదు. అది తిరుగుబాటువాళ్ళ పాట అని పైవాళ్ళకి భయం. 1981 దాకా బాహాటంగా పాడటానికి అడ్డంకులే. 2009లో అదే మలోయాని యునెస్కో మానవజాతి వారసత్వం అంది. సెగాకి ఆ గుర్తింపు 2014లో వచ్చింది. అణిచినవాళ్ళే తరవాత చప్పట్లు కొట్టడం చరిత్రలో చాలాసార్లు జరుగుతుందని మాస్టారు అన్నారు.

రెయూనియన్‌లోనే ఎడ్మండ్ అనే బానిస కుర్రాడు ఉండేవాడు. మెక్సికో నుంచి తెచ్చిన వెనిల్లా తీగ పూసేది గాని కాయ కాసేది కాదు, ఎందుకంటే పూలని కలిపే తేనెటీగ అక్కడ లేదు. 1841లో ఈ కుర్రాడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వులోపలి పొరని పైకెత్తి పుప్పొడి అంటించే ఉపాయం కనిపెట్టాడు. అప్పుడు వాడికి 12 ఏళ్ళు. మా తమ్ముడి వయసు. ప్రపంచంలో వెనిల్లా తోటలు ఇప్పటికీ ఆ పద్ధతిలోనే కాస్తున్నాయి. మనం తినే ఐస్‌క్రీమ్ వెనక ఆ వేలు ఉంది. 1848 డిసెంబరు 20న ఆ దీవిలో బానిసత్వం రద్దయి సుమారు 60 వేలమందికి స్వేచ్ఛ వచ్చినప్పుడు వాడికి ఆల్బియస్ అనే ఇంటిపేరు ఇచ్చారు. అప్పటిదాకా వాడికి ఇంటిపేరే లేదు. 1880లో పేదరికంలో చనిపోయాడు.

ఇంటిపేరు అనేసరికి మళ్ళీ మనవాళ్ళ దగ్గరికి రావాలి. నేను అసలు రాయాలనుకున్నది ఇదే.

1860ల నుంచి ఇంగ్లీషువాళ్ళ అనుమతితో రెయూనియన్‌కి మళ్ళీ కూలీలు వెళ్ళారు. వాళ్ళని చూసే తీరు బాగోలేదని 1882లో ఇంగ్లీషు ప్రభుత్వమే ఆపేసింది. మొత్తం లక్షమందికి పైగా వెళ్ళారు. ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ వాళ్ళందరికీ ఒకటే పేరు, మల్బార్. మలబారు తీరం కేరళలో ఉంది. వెళ్ళినవాళ్ళేమో ఈ వైపు తీరం వాళ్ళు. పేరు పెట్టినవాడికి ఆ తేడా అక్కర్లేదు. పిల్లలకి బాప్తిస్మంతో ఫ్రెంచి పేర్లు వచ్చాయి. ఇప్పటికీ ఆదివారం చర్చికి, పండగకి గుడికి వెళ్ళే కుటుంబాలు అక్కడ మామూలే. నిప్పుల గుండం తొక్కుతారు, కావడి ఎత్తుతారు, దీపావళి చేస్తారు. గుడిలో మంత్రాలూ పాటలూ తమిళంలో ఉంటాయి. ఇంట్లో మాత్రం క్రియోల్. మరి మొదట యానాం నుంచి వెళ్ళిన తెలింగాల తెలుగు ఏమైంది? ముందు తెలుగు తమిళంలో కలిసింది, తరవాత రెండూ క్రియోల్‌లో కలిసిపోయాయి. రెయూనియన్ 1946 నుంచి ఫ్రాన్సులో ఒక జిల్లా లాంటిది. బడిలో ఫ్రెంచి.

మారిషస్‌లో కథ కొంచెం వేరు. అక్కడా గుమస్తాలు పేర్లు విన్నట్టు రాసుకున్నారు, నాయుడు "నాయ్‌డూ" అయ్యాడు. తండ్రి పేరే కొడుకుకి ఇంటిపేరు అయిపోయింది, అసలు ఇంటిపేరు పోయింది. అక్కడా ఇంట్లో మాట్లాడేది చాలావరకు క్రియోలే. కాని తెలుగువాళ్ళు అన్న పేరు నిలిచింది. రామభజనలు నిలిచాయి, సింహాద్రి అప్పన్న పూజ నిలిచింది. ఉగాది దేశం మొత్తానికి ప్రభుత్వ సెలవు. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చాక కూడా బళ్ళల్లో తెలుగు చెబుతున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

ఇందులో ఇంకో మెలిక. ఆ దేశంలో దాదాపు అందరూ మాట్లాడే క్రియోల్ ప్రాథమిక బడుల్లో పాఠంగా చేరింది 2012లోనే. అంతకుముందు ఒక తెలుగు పిల్లకి బడిలో ఉన్న భాష ఇంట్లో లేదు, ఇంట్లో ఉన్న భాష బడిలో లేదు.

నాకు ఈ సంగతి ఎందుకు పట్టుకుందో చెప్పాలి. మా బడిలో పదో తరగతి తెలుగు మీడియంలో 19 మందిమి ఉన్నాం. ఆరో తరగతిలో ఏడుగురే. పుదుచ్చేరి మొత్తంలో చూస్తే తెలుగు మాట్లాడేవాళ్ళం తక్కువ. రాజధానికి ఏదైనా పని మీద వెళితే తమిళం రాదని అమ్మానాన్న ఇబ్బంది పడతారు. ఇంగ్లీషు మీడియంలో వేయలేదేం అని చుట్టాలు అడుగుతారు. "మీరు కలిసిపోవాలి" అని ఒక పెద్దాయన నాతోనే అన్నారు. కలిసిపోవడం మంచిదే అనుకునేదాన్ని. దీవుల గురించి చదివాక, కలిసినప్పుడు ఎవరిది మిగిలింది, ఎవరిది కరిగింది అని అడగాలనిపిస్తోంది.

నేను ఇలా అంటే మా క్లాసులో ఒక స్నేహితురాలు ఒప్పుకోలేదు. "క్రియోల్ పుట్టకపోతే వాళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు ఎలా మాట్లాడుకునేవాళ్ళు? వాళ్ళకి అదే అమ్మ భాష కదా. నువ్వు పోయినదాన్నే చూస్తున్నావు, వచ్చినదాన్ని చూడట్లేదు" అంది. రెండు రోజులు ఆలోచించాను. ఆమె మాట సగం నిజం. క్రియోల్‌ని తక్కువగా చూస్తే, చెప్పుల్లేకుండా నడిచినవాళ్ళని ఇంకోసారి అవమానించినట్టే. కాని ఆ భాషని వాళ్ళు ఏరుకోలేదు, వేరే దారి లేక కట్టుకున్నారు. అంత గొప్పగా కట్టుకోవడం వాళ్ళ తెలివి. అలా కట్టుకోవలసి రావడం మాత్రం వాళ్ళకి జరిగిన అన్యాయం. ఈ రెండూ ఒకే వాక్యంలో ఎలా రాయాలో నాకు ఇంకా చేతకాలేదు, అందుకే రెండు వాక్యాల్లో రాశాను.

ఈ వ్యాసం సగం అయ్యాక మామ్మకి చదివి వినిపించాను. తారీఖులు వచ్చినప్పుడు కునికిపాట్లు పడింది. రెయూనియన్ వంటల దగ్గరికి వచ్చేసరికి లేచి కూర్చుంది. అక్కడ అన్నంలోకి "రుగాయ్" అని నంజుకుంటారు, అది తమిళ "ఊరుకాయ్" నుంచి వచ్చిన మాట అంటారు, అంటే మన ఊరగాయే అన్నాను. మునగాకుని "బ్రెద్ మురుం" అంటారని కూడా చెప్పాను.

"దేంతో చేస్తారే ఆ రుగాయ్?"

"పచ్చి మామిడికాయ సన్నగా తరిగి, పచ్చిమిరపకాయలు నూరి కలుపుతారట. టమాటాతో కూడా చేస్తారట, అల్లం వేసి."

"ఆవపిండి?"

"వెయ్యరు మామ్మా."

మామ్మ కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఓడలో ఆవాలు పట్టుకెళ్ళనివ్వలేదేమోలే" అంది.